పిల్లి ఉందా అక్కడ?

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవారు. ఆయన ఏ ఆట తయారుచేసినా అందులో ఒక పిల్లి పడుకుని ఉండాల్సిందే. యుద్ధాల ఆట కానివ్వండి, కారు పందాల ఆట కానివ్వండి, ఏదో ఒక మూల పిల్లి ముడుచుకుని నిద్రపోతూ ఉంటుంది. అందుకే ఆయన్ని అందరం పిల్లిగారు అనేవాళ్లం. ఆయనా హాయిగా పలికేవారు.

వీడియో గేములు తయారుచేసే ఆ కంపెనీలో నేను మూడు నెలల ఇంటర్న్‌ని. మొదటిరోజు నన్ను ఆయన పక్క కుర్చీలో కూర్చోబెట్టారు. ముప్ఫై ఏళ్ల అనుభవం కదా, ఏం చెప్పినా రాసుకుందామని నోటుపుస్తకం తెరిచాను. ఆయన తన పాత ఆట ఒకటి చూపించారు. సముద్రం అడుగున మునిగిపోయిన ఓడ. ఓడలో లావుపాటి పిల్లి.

“సముద్రం అడుగున పిల్లేమిటండీ?”

“చేపలున్నచోట పిల్లి ఉండదా అమ్మా?”

“మరి ఊపిరి?”

“నిద్రపోతోందిగా. నిద్రలో అవన్నీ ఎవరికి గుర్తుంటాయి?”

నోటుపుస్తకం మూసేశాను.

బొమ్మలు గీసే అక్కకు ఆయనంటే ఒళ్లుమంట. “నెలరోజులు నడుం పడిపోయేలా కూర్చుని రాజుగారి సింహాసనం గీశానండీ! పొద్దున వచ్చి చూస్తే దానిమీద పిల్లి!”

“రాజుగారు ఇంకా రాలేదు కదమ్మా. ఖాళీగా ఉంది కదాని పడుకుంది.”

“రాజుగారొస్తే?”

“ఆయనే నిలబడతార్లే. మంచి రాజు.”

పోనీ మామూలు పిల్లా అంటే అదీ కాదు. మా ఆటలో హీరో పులిని చంపగలడు, కోటగోడ దూకగలడు. పిల్లిని మాత్రం తొక్కలేడు. ఎంత విసురుగా వచ్చినా టక్కున ఆగి, పక్కనుంచి చుట్టూ తిరిగి పోవాల్సిందే. ఆ ఒక్క సంగతికీ పిల్లిగారు నాలుగు రోజులు కూర్చుని కోడ్ రాశారట. నాలుగు రోజులు! ఈయనకు జీతమెవరిస్తున్నారా బాబూ అనుకున్నాను.

నా బతుకంతా ఆ ఆటలో కోట వంటింట్లో ఉంది. మేనేజరు మొదటివారమే చెప్పేశారు: “వంటిల్లు తయారుచేసే పని నీది. మన ఆటను అమ్మిపెట్టే కంపెనీవాళ్లు చూడటానికొస్తారు. ఆరోజు వంటిల్లు సరిగ్గా నడిస్తే ఉద్యోగం నీదే. లేదంటే ఇక్కడితో సరి.” ఇంట్లో నాన్న అప్పుడే అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ “మా అమ్మాయికి కోటలో ఉద్యోగం” అని చెప్పేసుకున్నారు కూడా.

ఆ రోజు రానే వచ్చింది. అతిథులు పదకొండింటికి వస్తారనగా పదింటికి చివరిసారి చూసుకుందామని హీరోని వంటింట్లోకి నడిపించాను. పొయ్యి పక్కన కాలు పెట్టాడో లేదో, నేలలోంచి కిందికి జారిపోయాడు. అలా పడుతూనే ఉన్నాడు, మహానుభావుడు. రెండు నేలపలకల్ని కలపడం మరిచిపోయానన్నమాట! గబగబా కలిపితే గోడ మాయమైంది. గోడను తెచ్చుకుంటే పొయ్యి గాల్లోకి లేచింది. మళ్లీ మొదటికే తెచ్చిపెట్టుకుని, కాలుకాలిన పిల్లిలా తిరిగి తిరిగి, చివరికి ఆయన దగ్గరికే పరిగెత్తాను.

“అయిపోయిందండీ! పొయ్యి దగ్గర నేలకు కన్నం. గంటలో బాగయ్యేది కాదు.”

ఆయన తాపీగా కళ్లజోడు తుడుచుకుంటూ, “వంటింట్లో పిల్లి ఉందా?” అన్నారు.

ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట ఇంకొకడు! “లేదండీ! లేదు! పిల్లి లేదు!” అని అరిచి, ముఖం కడుక్కోవడానికి పోయాను.

పదకొండింటికి అందరం గదిలో చేరాం. అతిథుల్లో ఒకావిడ తనే ఆడతానన్నారు. సింహాసనం చూశారు, పిల్లిని చూసి నవ్వారు. తిన్నగా వంటింట్లోకి వెళ్లారు. తిన్నగా పొయ్యి పక్కకే వెళ్లారు. నేను కళ్లు మూసుకున్నాను.

“అరె, ఇక్కడా పిల్లి!” అన్న మాట వినపడి కళ్లు తెరిచాను. సరిగ్గా ఆ కన్నం మీదే, ఒక బూడిదరంగు పిల్లి ముడుచుకుని పడుకుంది. హీరో టక్కున ఆగి, చుట్టూ తిరిగి, క్షేమంగా అవతలి తలుపులోంచి వెళ్లిపోయాడు. వెనక వరసలో పిల్లిగారు చేతులు కట్టుకుని కునుకు తీస్తున్నారు.

అతిథులు మెచ్చుకుని వెళ్లారో లేదో, పిల్లిగారు తన పిల్లులన్నిటినీ దాచుకునే ఫైలు తెరిచాను. అంతవరకూ దాని జోలికి ఎవరూ పోలేదు, పిచ్చి అంటుకుంటుందని. ఒక్కో పిల్లి పక్కన ఒక్కో మాట రాసి ఉంది.

“మెట్ల కింద కన్నం. పిల్లాడికి మొదటి ఉద్యోగం. పూడ్చేదాకా పిల్లి.”

“సింహాసనం మీద చీలిక. నెలరోజుల కష్టం, ఇప్పుడే చెబితే బాధపడుతుంది.”

చిట్టచివర, ఆరోజు పొద్దుటిది: “వంటిల్లు. అమ్మాయి ఏడ్చేట్టుంది.”

ఏడ్చేట్టేమిటి, అప్పుడు నిజంగానే ఏడ్చాను. వెనక ఎవరో దగ్గారు. మేనేజరు.

“వంటింటి పిల్లి నీదా?”

ఇక దాచేదేముంది? “నాదేనండీ,” అన్నాను. నాన్నకు ఏం చెప్పాలా అని అప్పుడే మాటలు వెతుక్కుంటున్నాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు. “సముద్రం అడుగున లావుపాటి పిల్లి చూశావుగా? అది నాది. అంత లావెందుకనుకున్నావ్? కన్నం అంతుంది మరి! సోమవారం వచ్చి ఉద్యోగంలో చేరు. ముందు ఆ నేల పూడ్చు.”

రెండు రోజులు పట్టింది పూడ్చడానికి. హీరోని ఆ చుట్టుపక్కలంతా గెంతించి చూసుకుని, పిల్లిగారి దగ్గరికి వెళ్లాను.

“కన్నం పూడ్చేశానండీ. ఇక పిల్లిని తీసేయనా?”

ఆయన మొహంలో అంత కోపం నేనెప్పుడూ చూడలేదు.

“హాయిగా నిద్రపోతున్నదాన్ని లేపుతావా? నీకసలు జాలి లేదటమ్మా?”