పక్కింటాయన తెల్ల రుమాలు

మా పక్కింటాయన తన ఇంటి మీది సిమెంటు రేకులను పొడిగానే సుత్తితో పగలగొట్టించి, ఆ ముక్కలను ఇద్దరు ఆడకూలీల నెత్తిన పెట్టి మోయించాడు. హైటెక్ సిటీ లేస్తున్న ఆ రోజుల్లో మా హఫీజ్‌పేట్‌లో అందరికీ స్లాబు తొందరే. కంప్యూటర్ ఉద్యోగాల పిల్లలు కిరాయికి వస్తారని ఆశ.

మనిషి మహా శుభ్రం. ఎవరింటికి వెళ్లినా జేబులోంచి తెల్ల రుమాలు తీసి కుర్చీ తుడిచి కూర్చునేవాడు. పక్కవాడికీ తుడిచి పెట్టేవాడు. ఆ రోజు అదే రుమాలు ముక్కుకు కట్టుకుని పని చేయిస్తున్నాడు.

నేను బడి మొహం చూడలేదు గానీ, పొట్లాల కాగితాలతో సహా దొరికిందల్లా చదివినవాణ్ణి. ఆ రేకుల్లో ఆస్బెస్టాస్ నార ఉంటుంది. రేకు పగిలితే అది కంటికి కనిపించని దుమ్మై ఊపిరితిత్తుల్లో దిగుతుంది, ఏళ్ల తర్వాత ప్రాణం తీస్తుంది. అందుకే తడిపి, బోల్టులు విప్పి, పగలకుండా దించాలి. గోడ మీదుగా మా నీళ్ల పైపు అందించాను.

"కొట్టు తాతా, మా మొకాలు గూడ సల్లబడ్తయ్," అంది ఒక కూలీ, దగ్గుతూనే నవ్వుతూ.

ఆయన పైపు మడిచి నీళ్లు ఆపేశాడు. "తడుపుకుంట, విప్పుకుంట కూసుంటే ఇగ నెల పడ్తది కాకా."

నాకు ఒళ్లు మండిపోయింది. "నీ ముక్కుకు రుమాలెందుకు కట్టినవ్? వాళ్లవి ముక్కులు కావా?"

ఆయన పగులుతున్న రేకుల వైపు తిరిగాడు. మళ్లీ మళ్లీ అడిగాను. చివరికి రుమాలు విప్పి, తన అరుగు మీది కుర్చీని నా కోసం జాగ్రత్తగా తుడిచాడు.

"జర కూసో కాకా. నాకు దుమ్ము పడదు. వాళ్లకు అలవాటే గదా."