ఎదురు కొట్టు పప్పు

సాలమ్మకు కోపం వస్తే గరిటె విసురుతుంది. కడుపు మండితే మాత్రం చీపురు అందుకుంటుంది. అప్పుడే ఊడ్చిన వాకిలిని మళ్లీ ఊడుస్తూ, ఓరకంట ఎదురు కొట్టు వైపు చూస్తుంది. ఆ ఆషాఢమంతా మా నాచారంలో ఆమె వాకిలి అంత శుభ్రమైన వాకిలి ఇంకొకటి లేదు. పై అంతస్తులో అద్దెకుంటున్న నాకు ఆ చీపురు చప్పుడుకే మెలకువ వచ్చేది.

సాలమ్మది జనగామ దగ్గర పల్లె. భర్త చంద్రయ్యకు ఇండస్ట్రియల్ ఏరియాలో పైపుల ఫ్యాక్టరీలో పని దొరికితే ఇటు వచ్చారు. ఒక్క జీతంతో గడవక ఆమె కింద షట్టర్ అద్దెకు తీసుకుని కర్రీ పాయింట్ పెట్టింది. ఒక పప్పు, ఒక వేపుడు, ఒక కూర, పచ్చి పులుసు. ఇంట్లో అన్నం మాత్రం వండుకునే నాలాంటి బద్ధకస్తులకూ, డ్యూటీ దిగి వచ్చే కార్మికులకూ ఆమే దిక్కు. చాలా ఏళ్లు ఆ వీధికి మహారాణిలా బతికింది.

తర్వాత తణుకు నుంచి వచ్చిన విజయశ్రీ సరిగ్గా ఎదురు షట్టర్‌లో ఇంకో కర్రీ పాయింట్ తెరిచింది.

విజయశ్రీలో సాలమ్మకు నచ్చనివి ఏమిటని అడగకూడదు, నచ్చేది ఏమన్నా ఉందా అని అడగాలి. ఆమె బోర్డుకున్న లైటు నచ్చదు. వచ్చిన ప్రతివాడినీ “రండి బాబూ” అనడం నచ్చదు. పొయ్యి దగ్గర గంటలు నిలబడ్డా చెదరని ఆమె జడ అస్సలు నచ్చదు.

“ఆమె పోపు పెడితే ఆ వాసన నా దుకాణంలకు ఎందుకు రావాలె? నువ్వే చెప్పు,” అని ఒకరోజు నన్ను నిలదీసింది. గాలి అటు నుంచి వీస్తోందక్కా అంటే, గాలి కూడా ఆమె పార్టీయే అని తేల్చేసింది.

ఇలా ఉండగా ధరలకు పిచ్చి పట్టింది. నూనె, కందిపప్పు, గ్యాసు, ఒకదాన్ని చూసి ఒకటి పైకెక్కాయి. టమాటా అయితే మరీ. తోపుడు బండి వాడు పొద్దున సుద్దముక్కతో రాసిన ధరను మధ్యాహ్నానికి చెరిపి కొత్తది రాసేవాడు. కిలో ఇరవై ఉన్నది వంద దాటి నూట యాభై ఎక్కింది. జనం టమాటాలను లెక్కపెట్టి కొనడం మొదలుపెట్టారు, రెండు ఇవ్వు, మూడు ఇవ్వు అంటూ. అదే సమయంలో పైపుల ఫ్యాక్టరీకి తాళం పడింది. రావలసిన జీతాలు లోపలే ఉండిపోయాయి. చంద్రయ్య, అతనితో పనిచేసే రంజిత్, ఇంకా చాలామంది పొద్దున్నే గేటు దాకా వెళ్లి, తాళం చూసి తిరిగొచ్చేవాళ్లు.

ఇక ఆ ఇంటికి కర్రీ పాయింట్ ఒక్కటే ఆధారం. దానికీ అద్దె బాకీ పడింది. శ్రావణం వచ్చేలోగా కట్టకపోతే షట్టర్ ఖాళీ చేయాలని ఓనరు ఖరాఖండిగా చెప్పి వెళ్లాడు.

సాలమ్మ టమాటా మానేసి చింతపండు పప్పు పెట్టింది. ఎదురుగా విజయశ్రీ బోర్డు మీద మాత్రం ‘టమాటా పప్పు’ అలాగే ఉంది, ధరా అలాగే ఉంది. సాయంత్రం అయ్యేసరికి ఆ కొట్టు ముందు లైను. ఈ కొట్టు ముందు ఈగలు కూడా లేవు.

“యాడికెల్లి తెస్తున్నది?” సాలమ్మకు ఇదే ధ్యాస. “తమ్ముడు లారీ నడుపుతడేమో. లేకుంటే కుళ్లినయి ఏరుకొస్తున్నది. గంతే, కుళ్లినయే.”

“ఒకసారి తెచ్చి రుచి చూడరాదా అక్కా?” అన్నాను.

“ఆమె చేతి కూడు నేను తినాల్నా? థూ!”

నేను సంచి వెనక్కి దాచుకున్నాను. అందులో అప్పటికే విజయశ్రీ చేతి పప్పు వేడివేడిగా ఉంది మరి.

చివరికి సాలమ్మ తన తల్లి ఇచ్చిన వెండి కడియాలు సేటు దగ్గర తాకట్టు పెట్టింది. అద్దె కట్టడానికని చంద్రయ్య అనుకున్నాడు, నేనూ అనుకున్నాను. ఆమె అటు నుంచి అటే ఉప్పల్ మార్కెట్‌కు వెళ్లి, రెండు బాక్సుల టమాటాలు ఆటోలో వేసుకొచ్చింది. కొట్టుకు వెనక తలుపు ఉన్నా ఆటోను వీధి నడుమ ఆపించింది. విజయశ్రీ గడపలోకి వచ్చేదాకా ఆగి, అప్పుడు దింపించింది.

చంద్రయ్య తల పట్టుకున్నాడు. “కిరాయి కట్టకుంట గీ టమాటలేందే? దిమాగ్ ఖరాబైందా?”

“ఆమె ముందట తల దించుకొని షట్టర్ ఎత్తలేను. జర ఓపిక పట్టు. రేపట్నుంచి లైను ఇటే.”

మర్నాడు నిజమైన టమాటా పప్పు తయారైంది. అబద్ధం ఎందుకు, అమృతంలా ఉంది. కానీ ఆ ధరకు కొన్న టమాటాతో పాత రేటుకు ఇస్తే మునిగిపోతుంది కాబట్టి ప్యాకెట్ రేటు రెట్టింపు చేసింది. జనం వచ్చారు. కొట్టు ముందు రాశి పోసిన ఎర్రటి టమాటాలను మెచ్చుకున్నారు, ఒకరిద్దరు ఫోన్లో ఫొటోలు తీసుకున్నారు. రేటు చూశారు. తర్వాత వీధి దాటి ఎదురు కొట్టుకు వెళ్లి పప్పు కొనుక్కున్నారు.

రోజులు గడిచే కొద్దీ టమాటాలు మెత్తబడ్డాయి, సాలమ్మ గట్టిపడింది. చంద్రయ్యతో మాట్లాడదు, నాతో మాట్లాడదు. బోనాల మైకు మోగుతుంటే అదీ తనను ఎగతాళి చేయడానికే మోగుతోందని తిట్టింది. ఆఖరికి ఒక సాయంత్రం నన్ను పిలిచి, మొహం పక్కకు తిప్పుకుని, చేతిలో డబ్బులు పెట్టింది.

“ఆమె పప్పు ఒకటి పట్కరా. నాకని చెప్పకు.”

తెచ్చాను. వేలితో తీసి నాలుక మీద వేసుకుంది. కళ్లు మూసుకుంది. ఇంకొంచెం వేసుకుంది. కళ్లు తెరిచేసరికి ఆ మొహంలో ఎన్నాళ్లకో నవ్వు.

“గుమ్మడికాయ! గుమ్మడికాయల చింతపండు పిసికింది. రంగు కోసం బీట్‌రూట్ ముక్క. రెండు టమాటలు పెద్దగ కోసి ఆఖర్ల పైన ఏసింది, తొక్కలు కనవడాలని. దొంగముండ!”

అన్నాళ్లుగా తింటున్న నాకు తెలియలేదు. నేను సిగ్గుపడేలోపే ఆమె ఆ కవరు పట్టుకుని వీధి దాటేసింది. నేనూ వెనకే పరుగెత్తాను. లైనులో అంతా ఫ్యాక్టరీ వాళ్లే, ముందు రంజిత్ ఉన్నాడు.

“అయ్యా, అందరు ఇనుండ్రి! దీంట్ల టమాట లేదు! గుమ్మడికాయ పెట్టి మిమ్ముల మోసం జేస్తున్నది!”

విజయశ్రీ చేతిలో గరిటె ఆగిపోయింది. “ఏం చెయ్యమంటారు సాలమ్మ గారూ. టమాటా వేస్తే వీళ్లు కొనలేరు. బోర్డు తీసేద్దామంటే మనసొప్పలేదండీ,” అంది నెమ్మదిగా.

సాలమ్మ గెలిచినట్టు లైను వైపు తిరిగింది. ఎవరూ కదల్లేదు. ఒకడు నేల చూపులు చూశాడు. ఒకడు దగ్గాడు.

“మాకెరుకే అక్క,” అన్నాడు రంజిత్.

“ఏందిరా ఎరుక?”

“గుమ్మడికాయ అని. మొదటి దినమే ఎరుకైంది. గీ రేటుకు టమాట ఎవలేస్తరే?”

“ఎరుకుండి కూడ గీడ్నే ఎందుకు నిలవడ్డవ్‌రా?”

రంజిత్ తల వంచుకున్నాడు. అలాగే చెప్పాడు. “ఈమె సగం ప్యాకెట్ ఇస్తది అక్క. జీతం రాకవట్టి నెలలాయె. పోయిన నెల నీ దగ్గరికే ముందు వచ్చిన. సగం ఇయ్యవా అంటే, ‘సగం అమ్ముకునే దుకాణం గాదు, పో’ అన్నవ్. అందరు సూస్తుండంగ అన్నవ్. మల్ల ఎట్ల రావాలె?”

ఆ మాట తను అనలేదని సాలమ్మ అనడానికి లేదు, ఆమె గొంతు వీధి చివరిదాకా వినబడుతుంది. చేతిలో కవరు అలాగే పట్టుకుని వెనక్కి వచ్చేసింది. షట్టర్ సగానికి దించి, ఉల్లిగడ్డల బస్తా మీద కూలబడింది.

నేను ఓదారుద్దామని వంగి లోపలికి వెళ్లాను. ఏడుస్తోంది. రంజిత్‌ను తరిమేసినందుకు అనుకున్నాను. అదీ ఉందేమో.

“సగం ప్యాకెట్!” అంది ముక్కు చీదుతూ. “గింత చిన్న ముచ్చట నాకెందుకు తట్టలేదు? దానికే ఎందుకు తట్టాలె?”

మర్నాడు మిగిలిన టమాటాలన్నీ ఏరి, కుళ్లినవి పారేసి, పెద్ద గిన్నెలో పప్పు పెట్టింది. చంద్రయ్య చేత బోర్డు మీద సగం ప్యాకెట్ రేటు రాయించింది. సరిగ్గా ఎదురు కొట్టు రేటే. అద్దె అందులోంచి వస్తుందో రాదో ఆమెకూ తెలియదు. చీకటి పడే వేళకు, మరోసారి గేటు దాకా వెళ్లి వస్తున్న రంజిత్‌ను ఆమే కేకేసి పిలిచింది. అతను బెరుకుగా వచ్చి సగం అడిగాడు.

సాలమ్మ కవరు తెరిచి ఒక గరిటె వేసింది. ఎదురుగా చూసింది. ఇంకో గరిటె వేసింది. దారంతో బిగించి అతని చేతిలో పెట్టింది.

రంజిత్ దాన్ని అరచేతిలో ఎత్తి చూశాడు. “అక్కా, ఇది సగం గాదు. నిండుగున్నది.”

“నా దుకాణంల సగమంటే గింతే. తీస్కపో,” అంది సాలమ్మ. అతను రెండడుగులు వేశాక మళ్లీ పిలిచింది. “ఒరేయ్, చేతిల వట్టుకొని, ఆమె దుకాణం ముందటికెల్లి పో.”