నాకు తెలియని నా ఖాతా

నర్సింగ్ రెండో సంవత్సరం చదువుతున్న ఆ రోజుల్లో నేను నేల మీద గడిపిన సమయం చాలా తక్కువ. శరీరం సూర్యాపేట కాలేజీలో మూడో బెంచీ మీద కూర్చుని ఉండేది. మనసు మాత్రం ఎక్కడో ఒక పెద్ద ఆసుపత్రి వరండాలో, తెల్లటి యూనిఫారం వేసుకుని, చప్పుడు కాని బూట్లతో మెల్లగా నడుస్తూ ఉండేది. ఆ వరండా చివర ఎప్పుడూ లేత ఎండ. మంచాల మీది రోగులు నన్ను చూడగానే సగం కోలుకునేవారు (మిగతా సగం డాక్టర్లకు వదిలేసేదాన్ని, అంత న్యాయం నాలో ఉంది). మా అమ్మ చిన్నప్పుడే నాకు ‘సోయిలేని పిల్ల’ అని పేరు పెట్టింది. పాలు పొంగి పొయ్యి మీద పడుతుంటే పక్కనే నిలబడి, “అమ్మా, ఎంత తెల్లగున్నయో సూడు” అన్నానట. ఆ పేరు మోయడం నాకు ఎప్పుడూ బరువనిపించలేదు.

మా నాన్న మిర్యాలగూడలో ఒక రైసు మిల్లులో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. ఆయన ఇంట్లోకి వస్తుంటే ముందు ఉడికిన వడ్ల వాసన వచ్చేది, వెనక ఆయన వచ్చేవాడు. నా ఫీజుకు ప్రభుత్వం స్కాలర్‌షిప్ ఇస్తుంది. అది మా బ్యాంకు ఖాతాలో పడుతుంది, మేం తీసి కాలేజీకి కట్టాలి. లెక్క అంతే, కాకపోతే అది వచ్చేదాకా కాలేజీ ఆగదు. మొదటి ఏడాది నాన్న మిల్లులో అడ్వాన్సు అడిగి కట్టాడు. రెండో ఏడాది పరీక్షలు దగ్గరికొచ్చినా నా ఖాతాలో పైసా పడలేదు. మా ప్రిన్సిపాల్‌ని మేం గంజి మేడమ్ అనేవాళ్లం (ఆవిడ చీర ఆవిడ కూర్చున్నా నిలబడే ఉండేది). ఆవిడ ఒక సోమవారం క్లాసులోకి వచ్చి, “రేపు సాయంత్రం నాలుగింటిలోపు ఫీజు కట్టినోళ్లకే హాల్ టికెట్. ఏడ్చినోళ్లకు లేదు” అని చెప్పి వెళ్లిపోయింది. ఏడవడానికి అప్పటికే సిద్ధమైన నేను చున్నీ కిందికి దించుకున్నాను. ఆ సాయంత్రమే బస్సెక్కి ఇంటికొచ్చాను. అంతా విన్న నాన్న, “పరేషాన్ గాకు. సదువుకు బ్యాంకోళ్లు లోన్ ఇస్తరంట, రేపు పొయ్యి అడుగుదం” అన్నాడు.

బ్యాంకులో ఏమడుగుతారో తెలియక, నర్సు కావాలని ఎందుకనుకున్నానో చెప్పే ఉపన్యాసం ఒకటి అద్దం ముందు తయారుచేసుకున్నాను. అందులో దీపాలు, కన్నీళ్లు, మానవసేవ, అన్నీ ఉన్నాయి. మర్నాడు పొద్దున్నే నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. మిర్యాలగూడ బ్యాంకులో చదువు లోన్లు చూసే సారు నా ఉపన్యాసం కోసం ఏమాత్రం ఎదురుచూస్తున్నట్టు కనబడలేదు. ఆధార్ నంబరు అడిగి, కంప్యూటర్‌లో కొట్టి, కళ్లద్దాలు పైకి తోసుకుని నన్ను కాసేపు చూశాడు.

“స్కాలర్‌షిప్ పడ్డదిగదమ్మా. రెండు నెలలైంది.”

“లేదు సార్, పడలే.”

“పడ్డట్టే సూపెడుతున్నది. ఆధార్‌కు జతైన ఖాతాల ఏసిన్రు. ఏం జేసినవ్ ఆ పైసలు?”

ఆ ప్రశ్న నన్ను దాటి వెనకనున్న నాన్నను తాకింది. నేను తిరిగి చూడలేదు కానీ, ఆయన కుర్చీ చిన్నగా కిర్రుమన్నది. నాకున్నది ఒక్కటే ఖాతా అని, అది ఖాళీగా ఉందని, పాస్‌బుక్ చూపించి ప్రమాణం చేసినంత పనిచేశాను. సారు మళ్లీ కంప్యూటర్ చూశాడు. “ఇది కాదమ్మా, వేరే బ్యాంకు. కోదాడ బ్రాంచి. నీ పేరు మీదనే ఉన్నది. ముందుగాల అది తేల్చుకొని రా, తర్వాత లోన్ సంగతి మాట్లాడుదం” అన్నాడు.

బయట చెట్టు నీడలో నాన్న చాలాసేపు చొక్కా గుండీ సరిచేసుకున్నాడు. తర్వాత ఎటో చూస్తూ, “బిడ్డా, ఏమన్న అవసరం పడి వాడుకున్నవా? వాడుకుంటే వాడుకున్నవ్, నేనేమన. జర సెప్పు, సాలు” అన్నాడు. తిట్టినా బాగుండేది. “లేదు నాయినా” అన్నాను. “సరే” అన్నాడు. ఆ ‘సరే’ నమ్మినదో కాదో అప్పుడు నాకు అర్థం కాలేదు.

కోదాడ అనగానే నాకు ఒక విషయం మబ్బు మబ్బుగా గుర్తుకొచ్చింది. ఇంటర్ మా మేనత్త ఇంట్లో ఉండి కోదాడలోనే చదివాను. ఒకనాడు కాలేజీవాళ్లు మమ్మల్ని వరసగా ఒక గదిలోకి తీసుకెళ్లారు. బయట వాన పడుతోంది. కిటికీ అద్దం మీద రెండు చినుకులు ఒకదాన్నొకటి తరుముకుంటూ జారుతున్నాయి, ఏది ముందు కిందికి చేరుతుందా అని నేను చూస్తున్నాను. ఎవరో “ఇక్కడ సంతకం పెట్టమ్మా” అన్నారు. పెట్టాను. ఎడమవైపు చినుకు గెలిచింది. అది నాకు ఈ రోజుకీ గుర్తే. ఆ సంతకం బ్యాంకు ఖాతా కోసమన్నది మాత్రం మూడేళ్ల తర్వాత, మిర్యాలగూడ చెట్టు నీడలో అర్థమైంది.

హుజూర్‌నగర్ మీదుగా కోదాడ వెళ్లే బస్సెక్కాం. నేను కిటికీ పక్కన కూర్చుని, నిజంగానే ఆ డబ్బు నా చేతికొచ్చి ఉంటే ఏం చేసేదాన్నో అని ఆలోచించడం మొదలుపెట్టాను (అలాంటి వేళ ఎవరైనా దేవుణ్ని తలుచుకుంటారు). నాడి చూడటానికి సెకన్ల ముల్లున్న గడియారం కొన్నాను. నీలం రంగు ట్యూబున్న స్టెతస్కోపు కొన్నాను. అమ్మకు మిక్సీ, నాన్నకు బాయిలర్ వేడికి కాళ్లు మండకుండా మంచి బూట్లు. హుజూర్‌నగర్ దాటేసరికి డబ్బంతా ఖర్చయిపోయింది. కోదాడలో దిగేటప్పటికి నేను నిజంగానే వాడేసుకున్నానేమో అనిపించింది. నాన్న ముఖం చూడలేకపోయాను.

మేనత్త భర్తకు కోదాడలో బోరు మోటార్లకు వైండింగ్ చేసే షాపు ఉంది. ఆయన స్నేహితుడొకరు ఎవడికో ఫోన్‌లో ఓటీపీ చెప్పి డబ్బు పోగొట్టుకున్నాక, ఆయన ఆ మోసగాళ్ల మీద యుద్ధం ప్రకటించాడు. షాపుకొచ్చిన ప్రతి రైతుకూ మోటారు కంటే ముందు ఓటీపీ గురించి చెప్పేవాడు. అందుకే ఊళ్లో అందరూ ‘ఓటీపీ మామ’ అనేవారు. అప్పట్లో నాకు ఫోన్ లేదు కాబట్టి ఆ ఖాతాకు ఇచ్చింది మామ నంబరే అయ్యుంటుందని నాకు తట్టింది. రాగి తీగ చుడుతున్న మామను, బ్యాంకు నుంచి ఏమైనా మెసేజులు వచ్చాయా అని అడిగాను.

“రాకేం! నీ పేరు రాసి, ఇంత జమైందని ఒకటొచ్చింది. నా ఫోనుకి నీ పేరు మీద డబ్బులెందుకొస్తాయే? మోసమని అక్కడికక్కడే పట్టేశా. పీకి పారేశా!” అన్నాడు గర్వంగా. “పైగా ఒకావిడ బ్యాంకు నుంచంటూ ఫోన్ చేసింది. అరగంట తిట్టా. మళ్లీ చేస్తే ఒట్టు.”

నాన్న అక్కడున్న మోటారు మీద కూలబడ్డాడు. తలపట్టుకున్నాడనుకున్నాను. దగ్గరికెళ్తే భుజాలు ఊగుతున్నాయి. నవ్వుతున్నాడు. పొద్దుట్నుంచి మొదటిసారి.

అత్త బీరువాలో పెళ్లి చీర మడతలో నుంచి కొత్త పాస్‌బుక్ బయటపడింది. “నువ్వే దాచిపెట్టమన్నవ్ గదనే” అన్నది అత్త (అన్నానేమో). బ్యాంకు చేరేసరికి మూడున్నర. కౌంటర్‌లో అమ్మాయి ఓపికగా అంతా చూసి, డబ్బు భద్రంగా ఉందని, ఖాతా చాలాకాలంగా వాడనందువల్ల వివరాలు మార్చాలని చెప్పింది. “పాత నంబరుకు ఓటీపీ వచ్చి ఉంటదండీ, చెప్పండి” అన్నది మామతో.

మామ ఫోన్‌ను గుండెకు హత్తుకున్నాడు.

“చెప్పను.”

“సార్, ఇది బ్యాంకు.”

“వాళ్లూ బ్యాంకనే అంటారమ్మా.”

“మామా, మనం బ్యాంకులనే నిలబడ్డం గద!” అన్నాను. గోడ మీద గడియారం నాలుగు వైపు పరుగెడుతోంది. వెనక లైనులో ఒక పెద్దాయన, “సెప్పరాదే, పొద్దుగుంకుతది” అన్నాడు. మామ కదలలేదు. ఇన్నేళ్లుగా ఊరందరికీ చెప్పిన మాట ఊరందరి ముందే తప్పడమంటే ఆయనకు ప్రాణసంకటమైంది. చివరికి నాన్న వెళ్లి ఆయన భుజం మీద చెయ్యేసి, “బావా, ఆమెకు సెప్పకు. నా బిడ్డకు సెప్పు. నా బిడ్డ మోసం జెయ్యదు” అన్నాడు.

మామ నా అరచేతిలో పెన్నుతో అంకెలు రాసి గుప్పిట మూశాడు. కౌంటర్ దాకా నాలుగడుగులే. ఆ నాలుగడుగుల్లో నాన్న మాట నాలో ఎంత తిరిగిందో, చెయ్యి ఎంత చెమట పట్టిందో, గుప్పిట తెరిచేసరికి ఆరంకెల్లో మూడు మాత్రమే మిగిలాయి. కౌంటర్ అమ్మాయి కళ్లు మూసుకుంది. రెండో ఓటీపీ మామే చెప్పాడు, చుట్టూ చూసి, పెళ్లిలో మంత్రంలా గొణుగుతూ. నాలుగు కావడానికి కాస్త ముందు డబ్బు కాలేజీ ఖాతాకు వెళ్లిపోయింది. నా చేతిలో రసీదు మిగిలింది.

నాన్న రాత్రి డ్యూటీకి మిర్యాలగూడ బస్సెక్కాలి. ఎక్కేముందు చెరుకు రసం తాగించి, “పొద్దున గట్ల అడిగిన. మనసుల పెట్టుకోకు బిడ్డా” అన్నాడు. నేను బస్సులో కొన్న గడియారం, స్టెతస్కోపు, మిక్సీ, బూట్ల సంగతి అంతా చెప్పేశాను. ఆయన సాంతం విని, “బూట్లు ఎంతల కొన్నవ్?” అని మాత్రం అడిగాడు.

నేను సూర్యాపేట మీదుగా హైదరాబాద్ వెళ్లే బస్సెక్కాను. గాలి చల్లగా ఉంది. పొలాల మీద ఎండ తగ్గుతోంది. రసీదు ఒళ్లో పెట్టుకుని ఆ వరండాలోకి వెళ్లిపోయాను, ఈసారి మంచం మీద మామ ఉన్నాడు, ఇంజెక్షన్ చేస్తానంటే గుర్తింపు కార్డు అడుగుతున్నాడు. కండక్టరు వచ్చి, “ఏం పిల్లా, సూర్యాపేటకు గదా టికెట్? ఎనక్కి పోయి అర్ధగంటాయె!” అన్నప్పుడు బయట చూస్తే నాకు తెలియని ఊరు. అక్కడ దిగి ఎదురు బస్సు పట్టుకుని వెనక్కొచ్చాను. మర్నాడు గంజి మేడమ్ కథంతా విని, పెదవులు బిగబట్టి, హాల్ టికెట్ నా చేతిలో పెట్టింది. మిగతా రెండేళ్లకు మిర్యాలగూడ బ్యాంకు సారే లోన్ ఇప్పించాడు. ఉద్యోగం వచ్చాక నెలనెలా కట్టి తీర్చేశాను.

ఇప్పుడు సూర్యాపేటలోనే ఒక దవాఖానలో పనిచేస్తున్నాను. వరండా ఉంది కానీ దాని చివర ఎండ పడదు, ఆక్సిజన్ సిలిండర్లు ఉంటాయి. రోగులు నన్ను చూసి సగం కోలుకోవడం మాట అటుంచి, సూది ఎక్కడ దాచానా అని చేతుల వైపు చూస్తారు. మందులు, మోతాదులు, టైములు, ఏదీ మరిచిపోను. మా అమ్మ ఆ పాత పేరుతో పిలవడం ఎప్పుడో మానేసింది. ఏ బస్సెక్కినా దిగాల్సిన చోటే దిగుతాను. దిగి, ఆ బస్సు నేను లేకుండా ముందుకు వెళ్లిపోతుంటే, ఒక్కోసారి, దాని కిటికీ పక్కన ఒళ్లో రసీదు పెట్టుకుని ఇంకా కూర్చునే ఉన్న ఆ పిల్లకు చెయ్యి ఊపాలనిపిస్తుంది.