శేరుకి ముప్పావు నీళ్ళు కలిసిన చుక్క

మా వాడికి మూడో నెల నడుస్తుండగా గుడివాడ నుంచి మూడు కార్డులు ఒకేరోజు వచ్చాయి. రాసినవారు కాలేజీలో నాకు ఫిజిక్సు చెప్పిన లెక్చరరుగారు. రిటైరై అక్కడ ఉంటున్నారు. రెండు కళ్ళకీ శుక్లాలు. అందుకని అక్షరాలు చింతగింజలంత రాస్తారు, కార్డుకి పదిహేను మాటలకంటే పట్టవు. నేను ముందు తీసిన కార్డులో "ఒక్క రోజు కూడా తప్పనివ్వకు" అని ఉంది. పిల్లవాడి గ్రైప్ వాటర్ సంగతి ఈయనకెలా తెలిసిందా అని కంగారుపడ్డాను.

మిగతా రెండూ చదివాక అర్థమైంది. తెల్లవారుజామున ఈశాన్యంలో, అభిజిత్ నక్షత్రానికి కాస్త పైన, ఒక చుక్క ఉన్నట్టుండి భగ్గుమందట. దాని వెలుగు రోజుకో రకంగా పడిపోతుందట. నేను రోజూ చూసి ఒక అంకె రాసి పంపితే, ఆయన భూతద్దం పెట్టుకుని గీత గీసుకుంటారట. మూడో కార్డు చివర, "ఇలాంటిది నేనిక చూడలేను. నువ్వు చూడు" అని ఉంది.

అది చదివి గంటసేపు ఏ పనీ చేయలేకపోయాను. పెళ్ళయ్యాక నన్ను ఎవరైనా అడిగిన మొదటి ఫిజిక్సు ప్రశ్న అది.

బందరులో మేమున్న అద్దెయింటికి డాబా ఉంది, మెట్లు బయటినుంచి. చిక్కల్లా మా అత్తగారితోనే. ఆవిడ ముదినేపల్లి నుంచి బాలింత పథ్యాలన్నీ వెంటపెట్టుకుని దిగారు.

"మంచులో డాబా ఎక్కుతావా? పచ్చి బాలింతవి! చుక్కలేమన్నా పారిపోతాయటే?"

"ఇది పారిపోతుంది అత్తయ్యా. అదే కదా గొడవ."

చివరికి ఒప్పుకున్నారు. రెండు చెవుల్లో దూది, దానిమీద మంకీ క్యాప్, దానిమీద శాలువ. పైకి చూడటానికి మెడ వంగేది కాదు. నడుము వెనక్కి వంచి చూసేదాన్ని.

పద్ధతి తేలికే. కొత్త చుక్కకి దగ్గరలో ఒక పెద్ద చుక్క, ఒక చిన్న చుక్క చూసుకోవాలి. పెద్దదానికి సున్నా, చిన్నదానికి పది. కొత్తది ఆ రెండిటి మధ్య ఎక్కడుందో కంటితో అంచనా కట్టాలి. మొదటిరోజు ఒకటి వేశాను. దిగి వచ్చేసరికి మా వాడు కేకలు పెడుతున్నాడు, అత్తగారు కింది మెట్టు మీద నిలబడి నన్ను కేకలేస్తున్నారు. చెవుల్లో దూది వల్ల నాకు రెండూ వినపడలేదు.

రెండోరోజు నుంచి, నాలుగింటికే లేచి బైబిలు చదివి ప్రార్థన చేసుకునే ఆవిడ, అది ముగించి పిల్లవాణ్ణి భుజాన వేసుకుని కిందనుంచే తలెత్తి చూడటం మొదలుపెట్టారు.

"బాబు పుట్టాక చుక్క వచ్చింది, సంతోషం. కానీ రెండు నెలలు ఆలస్యం. జ్ఞానులెవరూ రాలేదు, పాలవాడొక్కడే వచ్చాడు."

పాలవాడు నిజంగానే గుమ్మంలో ఉన్నాడు. నలభై ఏళ్ళుగా పాలు చూడగానే ఎన్ని నీళ్ళు కలిశాయో చెప్పడం అత్తగారి విద్య. చెంబులోకి ఒకసారి, ఆకాశంలోకి ఒకసారి చూశారు.

"ఇవాళ చుక్కలో శేరుకి పావు కలిసింది. నీ పాలలోనూ అంతే."

"మీ చుక్క సంగతి నాకు తెలవదండీ, నా గేదె సంగతి నేను చెప్తా. రాత్రి మంచు పడిందండి మామ్మగారూ, తడిసింది."

"గేదె మీద పడిన మంచు పాలల్లోకి ఎట్లా వచ్చిందయ్యా?"

వాడు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

నాకు సరదా వేసి, నా అంకె పక్కనే ఆవిడ మాట కూడా పుస్తకంలో రాసుకున్నాను. అలా రోజూ. నాలుగోనాడు నేను అయిదు వేస్తే ఆవిడ శేరుకి అర్ధశేరు అన్నారు.

లెక్చరరుగారు మరో నాలుగు కార్డులు రాశారు. ఇలా భగ్గుమనేవి ఒంటి చుక్కలు కావు, జంట చుక్కలని ఇటీవల తేలుతోందట. ఒకటి ఉబ్బి వదులుగా ఉంటుంది. రెండోది చిన్నది, కానీ మహా బరువు. ఆ చిన్నది పెద్దదాని ఒంట్లోంచి వాయువు లాక్కుంటూనే ఉంటుంది. లాక్కున్నది పైన పేరుకుని పేరుకుని ఒకరోజు భగ్గున చిమ్మేస్తుంది. చిమ్మేశాక మళ్ళీ మొదటినుంచీ లాక్కోవడం మొదలుపెడుతుంది.

ఇది అత్తగారికి చదివి వినిపిస్తుంటే మా వాడు తాగిన పాలన్నీ ఆవిడ భుజం మీద కక్కేశాడు. ఆవిడ తొణకలేదు.

"దీనికి కార్డులెందుకే? మనింట్లో రోజుకి అయిదుసార్లు."

ఏడోనాడు తెల్లవారుజామున లేచి పిల్లవాణ్ణి ముట్టుకుంటే ఒళ్ళు కాలిపోతోంది. వాణ్ణి వదిలి మెట్లెక్కడం నావల్ల కాదు. ఎక్కకపోతే ఆ గీతలో ఒక చోట ఖాళీ పడుతుంది. భూతద్దం పట్టుకుని ఆయన ఆ ఖాళీ దగ్గర ఆగిపోవడం నా కళ్ళకి కట్టింది. ఏడుపు వచ్చింది. మా ఆయన్ని లేపి పైకి పంపాను.

దిగి వచ్చారు. "ఎలా ఉందండీ?"

"బాగానే ఉంది."

"ఎంత?"

"బాగానే."

మూడేళ్ళుగా నా వంకాయ కూర గురించి కూడా ఆయన చెబుతున్నది ఆ మాటే.

అప్పుడు అత్తగారు పమిట దోపుకుని, మోకాళ్ళు పట్టుకుంటూ మెట్లెక్కారు. చాలాసేపు రాలేదు. వచ్చి, "రెండుసార్లు చూశా. శేరుకి ముప్పావు నీళ్ళు. ముప్పావుకి చుక్క తక్కువ కాదు" అన్నారు. తర్వాత నా ఒళ్ళోంచి మా వాణ్ణి తీసుకుని దుప్పటి విప్పారు. దానికింద శాలువ. దానికింద ఉన్ని స్వెట్టరు. దానికింద ఇంకో స్వెట్టరు. టోపీ, సాక్సు. అన్నీ రాత్రి నేనే వేశాను, వాడి చెయ్యి ఒకసారి చల్లగా తగిలిందని.

పక్కన గుట్ట పెరిగాక లోపలనుంచి చెమట్లు కక్కుతూ ఒక పిల్లవాడు బయటపడి నవ్వాడు.

"ఇదిగో జ్వరం" అని అత్తగారు ఆ గుట్ట చూపించారు. "ఉతుక్కో."

అర్ధశేరు అయిదైతే ముప్పావు ఏడున్నర. అదే రాశాను. చూసింది నేను కాదని రాయడానికి ధైర్యం చాలలేదు. తర్వాత రోజూ నేనే ఎక్కాను. పదోనాడు చిన్న చుక్కకి సమానమైంది. మరి కొన్నాళ్ళకి కంటికి ఆనకుండా పోయింది.

"అయిపోయింది, ఇక అన్నీ నీళ్ళే" అన్నారు అత్తగారు, పోయిన మనిషి గురించి చెప్పినట్టు.

మొన్న గుడివాడ నుంచి కార్డులు వచ్చాయి. "ఒక్క రోజూ తప్పలేదు. భూతద్దంతో గీత మొదటినుంచి చివరిదాకా చూసుకున్నాను. నీ అంకెలు కొంచెం అటూ ఇటూ ఊగాయి. ఏడోనాటిది మాత్రం గీతమీద సరిగ్గా కూర్చుంది. ఆ రోజు ఏ పద్ధతి వాడావు? వివరంగా రాయి."

జవాబు ఇప్పటికి నాలుగుసార్లు మొదలుపెట్టి చింపేశాను. చివరికి ఆ కార్డులు అత్తగారికి చదివి వినిపించి, ఏమని రాయమంటారని అడిగాను. ఆవిడకి పొగడ్త పట్టనే లేదు.

"ఆయనకి పాలెవరు పోస్తున్నారే? కళ్ళు కనపడని మనిషికి ఎన్ని నీళ్ళు కలుపుతున్నాడో ఏమో!"

సోమవారం పొద్దుటి బండికి గుడివాడ వెళ్తున్నాం, ముగ్గురం. ఏడోనాడు చూసింది ఎవరో నోటితోనే చెప్పేస్తాను. ఆవిడ ఆయన చెంబు చూస్తారట. మా వాడికి ఒకటే స్వెట్టరు అని ఇప్పుడే మాటిచ్చాను. రెండోది సంచి అడుగున పెట్టాను.