గోటి గాట్లు కావు

పందొమ్మిది వందల అరవైల్లో మిరప కోతల రోజులు. గుంటూరులో రైలెక్కిన ఒకామె చంటిపాపతో నా ఎదురుగా కూర్చుంది. నల్లపాడు దాటాక పాప చొక్కా పైకి తొలగింది. పాలిపోయిన ఒంటి మీద నీలం మచ్చలు, చిన్నచిన్న గడ్డలు.

"నేను గిల్లలేదండి," అంది, నేనేమీ అడక్కుండానే.

మచ్చలు కనబడగానే అత్తగారు ఆమెనే అనుమానించిందట. భర్త కొట్టాడట. ఆసుపత్రికి వెళదామంటే, కోతలయ్యాక చూద్దామన్నారట. పాప పాలు మానేశాక ఆమె ఒక్కతే గుంటూరు ఆసుపత్రికి తీసుకొచ్చిందట.

"డాక్టరుగారేమన్నారమ్మా?"

"రక్తంలో క్యాన్సరంట. ఒక్కోసారి ముందు చర్మం మీదే కనబడుద్దంట. నయం చేసే మందు లేదన్నారు."

పాప చొక్కా కిందికి లాగి, పొట్ట మీద చెయ్యి వేసి ఉంచింది.

"ఇంట్లో ఇప్పుడైనా నమ్ముతారా?" అన్నాను.

"నమ్ముతారండి. చెప్పింది డాక్టరుగారు కదా. నేను చెబితేనే నమ్మలేదు."