బొందలగడ్డకు జాగ ఉంచిన మేడం

మేడం చనిపోయారన్న కబురు వచ్చినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. ఆమె కూతురు ఫోన్ చేసింది. "అక్కా, అమ్మ పోయింది. పొద్దుగాల చాయ్ తాగి, పేపర్ సదువుకుంట కుర్సీలనే పోయింది." "వస్తున్న" అన్నాను. ఫోన్ పెట్టేసి, ముందున్న లేఅవుట్ దరఖాస్తులో రోడ్ల వెడల్పు సరిచూడటం పూర్తిచేశాను. తర్వాత సంచి తీసుకుని బయటికి నడిచాను. ఏడుపు రాలేదు. ఇది రాస్తున్న ఇప్పటికీ రాలేదు.

మీలో చాలామందికి ఆమె తెలిసి ఉండదు. గోదావరిఖని శివారులో కొత్తగా పెరిగిన కాలనీల్లో మీరుంటే, మీ వీధి ఎటు తిరగాలో, బడి ఎక్కడ రావాలో, వాననీళ్లు ఎటు పోవాలో ఆలోచించిన మనుషుల్లో ఆమె ఒకరు. పట్టణ ప్రణాళిక విభాగంలో అధికారి. నేను ఆమె కింద పని నేర్చుకున్నాను.

నేర్పడమంటే ఎక్కువగా నడిపించడమే. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం, కుక్కలు కూడా నీడ వదలని వేళ, "పా, జాగ చూసొద్దాం" అనేవారు. పొద్దున పోదాం మేడం అంటే ఒప్పుకునేవారు కాదు. "కాయితం మీద ఎండ ఉండదు. గందుకే కాయితం మీద ఏ బడీ దూరమనిపియ్యదు" అనేవారు. కొంగు తలమీదికి లాక్కుని ముందు నడిచేవారు. వడదెబ్బ తగలకుండా సంచిలో ఉల్లిగడ్డ పెట్టుకునేవారు. నేను నవ్వితే, "నీకు సుత తెచ్చిన, పట్టు" అని ఒకటి నా చేతిలో పెట్టేవారు.

సొంతిల్లు కట్టుకోలేదు. తోటి ఉద్యోగులు ప్లాట్ల సంగతి ఎత్తితే, "మనం గీత గీసిన జాగల మనం కొనద్దు" అని మాట మార్చేవారు.

భూమిని పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని కోసం ఖాళీ చేసిన ఒక ఊరి జనానికి శివారులో కాలనీ ఇచ్చారు. కొన్నేళ్లకు టౌను పెరిగి ఆ కాలనీ చుట్టూ ప్లాట్లు లేచాయి. ఆ ప్రాంతానికంతా ప్లాను వేసే పని మాకు వచ్చింది. ఇళ్లు, బడి, అంగళ్లు, పార్కు అన్నీ పెట్టాం. ముసాయిదా బయటపెట్టే ముందు మేడం నన్ను వెంటబెట్టుకుని ఆ కాలనీకి వెళ్లి, ఒక అవ్వ ఇంటిముందు అరుగు మీద కూర్చున్నారు.

"ఇంకేం గావాలె అవ్వా?"

అవ్వ గని ఉన్న వైపు చూసింది. తర్వాత, "ఇల్లు మల్ల కట్టుకున్నం బిడ్డా. మా ఆయన బొంద బొగ్గుబాయిల కలిసిపోయింది. ఇప్పుడు నేను పోతే ఏడ పెడ్తరు?" అంది.

మా ప్లానులో దానికి జాగ లేదు. ఇద్దరికీ తట్టలేదు. తిరిగొచ్చే దారిలో మేడం ఒక్కటే మాట అన్నారు. "బతికేటోళ్లకే గీసినం."

మర్నాడు కాలనీకీ కొత్త ప్లాట్లకూ మధ్యనున్న ఖాళీ భూమిని శ్మశానంగా గుర్తించారు. ప్రజల అభ్యంతరాలు వినడానికి ఫంక్షన్ హాల్లో సభ పెడితే, ప్లాట్లు కొన్నవాళ్లంతా కోపంగా వచ్చారు. కిరాణం నడిపే ఒకాయన అందరికంటే ముందు లేచాడు.

"మేడం, పొద్దున తలుపు తీస్తే బొందలగడ్డ కనవడ్తే పిల్లలు భయపడరా? ఎవలన్న కిరాయికొస్తరా? తీస్కపోయి గని మట్టిగుట్టల ఎనుక పెట్టుండ్రి."

హాలంతా అతనికి వంత పాడింది. మేడం గొంతు పెంచలేదు.

"అన్నా, నీ భయం తప్పు గాదు. గోడ కట్టిద్దాం, చెట్లు పెట్టిద్దాం. గేటు నీ గల్లీ దిక్కు రాకుంట చూస్త. కానీ వానకాలం ఆ గుట్టల ఎనుకకు పీనుగును ఎట్ల మోస్కపోతరు? రేపు గని అటు జరిగితే మల్ల తవ్వుతరు. వీళ్లు తమ మనుషుల్ని ఒకపారి పోగొట్టుకున్నరు. మల్ల పోగొట్టుకొమ్మంటమా?"

లేచినవాళ్లలో కొందరు కూర్చున్నారు. తర్వాత మళ్లీ అరుపులు మొదలయ్యాయి. చివరికి రోడ్డు పక్క సగం అంగళ్లకు పోయింది, వెనక సగం శ్మశానానికి మిగిలింది. ఆ గీత కూడా ఆమే గీశారు. ఆఫీసు మెట్లు దిగుతుంటే, "బాధ లేదా మేడం?" అని అడిగాను.

"ఎందుకుండది? సగమన్న నిలవడ్డది. పా, బువ్వ తిందాం."

ఆ తర్వాత బదిలీ వచ్చింది. ఎందుకొచ్చిందని ఆమె అడగలేదు. రిటైరయ్యాక తిరిగి ఇక్కడికే వచ్చి, కూతురితో అద్దె ఇంట్లో ఉన్నారు. కనిపించినప్పుడల్లా, "జాగ చూడకుంట సంతకం పెట్టకు" అనేవారు. నేను పెట్టలేదు.

ఆమెను ఆ వెనక సగానికే తీసుకెళ్లాం. సొంతూరికి తీసుకెళ్దామని చుట్టాలు అన్నా, "ఈడనే" అంది కూతురు. గోడ వెంట వేపచెట్లు బాగా ఎదిగాయి. అవ్వ అంతకుముందే అక్కడికి చేరింది. అవ్వ ఊరివాళ్లు చాలామంది వచ్చారు. కిరాణం ఆయన కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

"మా నాయినను సుత ఈడనే పెట్టినం చెల్లె" అన్నాడు. పేరుస్తున్న చితి వైపు చూసి, "ఈ అమ్మకు ఈ ఊర్లె సొంతిల్లు లేదట గదా?" అని అడిగాడు.

"లేదన్న."

అతను తలవంచుకుని కట్టెలు అందించడానికి వెళ్లాడు. కూతురు నిప్పు పెట్టింది. నేను చూస్తూ నిలబడ్డాను. లోపల ఏమీ కదల్లేదు.

అంతా అయ్యాక బయట కుళాయి దగ్గర వరుసగా కాళ్లు కడుక్కుంటున్నాం. షిఫ్టు దిగినవాళ్లను తీసుకొస్తున్న బస్సు మలుపు తిరిగి, జనం దగ్గరికి రాగానే మెల్లబడింది. డ్రైవర్ పాట ఆపేశాడు. కిటికీల్లో బొగ్గు అంటిన ముఖాలు. ఎవరు పోయారో వాళ్లకు తెలియదు. వెనక సీట్లో ఒకతను ఒళ్లోని టిఫిన్ డబ్బా పక్కన పెట్టి, లేచి నిలబడి దండం పెట్టాడు. బస్సు కాలనీ వైపు తిరిగేదాకా అలాగే నిలబడే ఉన్నాడు. అది లేపిన దుమ్ము మెల్లగా వచ్చి మా తడికాళ్ల మీద వాలింది.