చెరువు అడుగున హెరాల్డ్

ఒకప్పుడు ఏలూరులో పదకొండు హెరాల్డ్ కార్లు తిరిగేవి.

నేనిలా మొదలుపెట్టగానే మా ఆవిడ వంటింట్లోంచే అందుకుంటుంది, "మూడండీ" అని. సరే, మూడు. ఒకటి ఆసుపత్రి డాక్టరమ్మగారిది. ఒకటి పవరుపేట స్టేషను దగ్గర బాడుగకి నిలబడేది. మూడోది నాది. నాది కొత్తదే కొన్నానని బళ్లో తోటి మేష్టర్లందరికీ చెప్పుకునేవాణ్ణి గానీ, సైన్సు మేష్టరు జీతానికి కొత్త కారెక్కడొస్తుంది? డాక్టరమ్మగారు వాడి వాడి వదిలేసిందే నాకొచ్చింది. అంటే, ఒట్టు వేయించి అడిగితే, రెండు.

కారు సంగతి మాత్రం పెంచి చెప్పక్కర్లేదు. రెండే తలుపులు. మిగతా కార్లకి బానెట్టు ఒక్కటే లేస్తుంది. దీనికి మడ్‌గార్డులూ దీపాలతో సహా ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు లేచేది. ముందు టైరు మీద కూర్చుని ఇంజను పని చేసుకోవచ్చు. మా సందులో రిక్షా తిప్పాలంటే దిగి ఎత్తి తిప్పాలి, హెరాల్డ్ ఒక్క మెలికలో తిరిగిపోయేది. దాని పక్కన ఆ రోజుల్లో వచ్చే మిగతా కార్లన్నీ నాకు గోనెసంచుల్లా కనపడేవి.

ఈ మాట తాడేపల్లిగూడెంలో మా స్నేహితుడి దగ్గర అనకూడదు. ఆయనది రైసుమిల్లు. ఆయన దేవుడు ల్యాండ్‌మాస్టర్ కారు. మిల్లు గోడౌన్లో టార్పాలిన్ కింద ఒకటుంది. ఆదివారం ఆదివారం దాన్ని స్టార్టు చేసి ఓ గజం ముందుకీ ఓ గజం వెనక్కీ నడిపి మళ్లీ కప్పేస్తారు. దాన్నే ఆయన రన్నింగు కండిషను అంటారు.

"మీది కారేంటండీ మేష్టారూ, బిస్కట్ల డబ్బాకి చక్రాలు పెట్టారు."

"మీది మాత్రం? ధాన్యం బస్తాకి స్టీరింగు పెట్టారు బావగారూ."

మాకు చుట్టరికమేమీ లేదు. మాది చర్చి కుటుంబం, వాళ్లది కాదు. కార్ల మీద పోట్లాడుకుని పోట్లాడుకుని బావలమయ్యాం. మా ఇద్దరికీ కుదిరే మాట ఒకటే: ఇప్పుడొచ్చే కార్లకి మొహాలు లేవు, అన్నీ ఒకే తల్లి బిడ్డల్లా ఉంటాయి, ఏది ఎవరిదో పిలిచి కనుక్కోవాలి.

నా హెరాల్డ్ గేర్‌బాక్సు పళ్లు అరిగి విరిగిపోయి, కారు పెరట్లో రేకుల కిందకి చేరి చాలా ఏళ్లయింది. బెజవాడలో అడిగాను, రాజమండ్రిలో అడిగాను, మద్రాసు వెళ్లే ప్రతివాళ్లకీ చెప్పి పంపాను. "ఆ బండి ఇంకా ఉందాండీ?" అని నవ్వేవారు. మా ఆవిడ దాని బానెట్టు మీద గుమ్మడి వడియాలు పెట్టేది. రేకు బాగా కాలుతుందని, మేడ మీదకన్నా త్వరగా ఎండుతాయని ఆవిడ మెచ్చుకుంటుంటే నేను లేచి వీధిలోకి వెళ్లిపోయేవాణ్ణి.

రెండువేల ఏడు ఎండాకాలంలో కంటి డాక్టరు నాకు నీటికాసులన్నాడు.

"చూపు అంచుల్లోంచి లోపలికి ముడుచుకుంటూ వస్తుందండీ. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి. బండి మాత్రం తోలకండి."

అప్పటికే ఎదురుగా ఉన్నవాళ్ల మొహం తెలిసేది గానీ పక్కన మంచినీళ్ల గ్లాసు పెడితే తెలిసేది కాదు, తన్నేసేవాణ్ణి. గుమ్మాలకి భుజాలు కొట్టుకునేవి. మా ఆవిడతో చుక్కలు వేసుకోమన్నారని చెప్పాను. మిగతాది చెప్పలేదు. ఎవరికీ చెప్పలేదు. ఇంటికొచ్చి పెరట్లోకెళ్లి, వడియాల గుడ్డ తీసేసి, కారులో కూర్చున్నాను. ముందు అద్దంలోంచి పెరటి గోడ కనపడింది. గోడకి రెండు చివర్లూ లేవు. ఈ స్టీరింగు పట్టుకుని, ఆ అద్దంలోంచి రోడ్డు నా వైపు రావడం ఇంకొక్కసారి చూడాలి, అంతే. చూపుండగా చూడాలి. ఇంతకన్నా పెద్ద కారణమేదో చెబుదామని చాలాసార్లు ప్రయత్నించాను, లేదు.

ఆ నెలలోనే గూడెం నుంచి బావగారి ఫోను. "మేష్టారూ, మీ బిస్కట్ల డబ్బా ఒకటి కొల్లేట్లో ఉందంటండీ!"

మా బావగారి మిల్లు తవుడు చేపల చెరువులకి మేతగా వెళ్లేది. లారీ డ్రైవరు కైకలూరు అవతల ఓ లంక దగ్గర చూశాడట. మర్నాడే ఇద్దరం వెళ్లాం. అంతకు ముందు ఏడాది సరస్సుని ఆక్రమించాయని సర్కారువాళ్లు కొల్లేట్లో చేపల చెరువుల గట్లు కొట్టేశారు కదా, ఆ మిషన్లు వెళ్లిపోయిన చోట గట్లు విరిగిన పళ్ల మాదిరి ముక్కలు ముక్కలుగా మిగిలాయి. అలాంటి ఓ ముక్క మీద, పాడుబడ్డ పాక పక్కన, ఉంది. ఆకుపచ్చ హెరాల్డ్. వెనక చక్రం ఒకటి ఎత్తి, దానికి బెల్టు తగిలించి, నీళ్లు తోడే పంపు తిప్పేవారట దాంతో. లోపల సీట్లలో కోళ్లు గుడ్లు పెట్టుకున్నాయి.

చెరువు ఆయన మా వయసువాడే. పడిపోయిన గట్టు వైపు చూడకుండా మాట్లాడుతున్నాడు.

"ఆయ్, నాదేనండి. ఏళ్ల తరబడి టాపు గేర్లోనే తిప్పానండి. ఇంక చెరువే లేదు, నాకెందుకండి, తీసుకుపొండి. కాపోతే నీళ్లు రానివ్వండి. రెండు దోనెలు కలిపి కట్టి, పైన చెక్కలేసి, మెల్లిగా దాటిద్దాం."

టాపు గేర్లోనే తిప్పాడంటే మిగతా గేర్ల పళ్లు కొత్తవాటిలాగే ఉంటాయి. కానీ నీళ్లెప్పుడొస్తాయి? ఆగస్టా, సెప్టెంబరా? అప్పటికి నా గోడకి ఇంకెంత మిగులుతుంది?

"ఆగడానికి లేదండీ," అన్నాను. "బెజవాడ నుంచి పాతకార్లు కొనే ఆయన వస్తున్నాడు. నా కారు నడిస్తేనే చూస్తానన్నాడు." అలాంటి ఆయన ఎవరూ లేరు. నోటికొచ్చిందలా. మరీ నమ్మకంగా ఉంటుందని ఆయనకో బట్టతల కూడా పెట్టాను.

మా బావగారు మొహం చిట్లించారు. "అమ్మేస్తారా? నాకు చెప్పకుండానే?"

అప్పుడు చేశాం ఆ తప్పు. ముగ్గురం కలిసి చేశాం: గేర్‌బాక్సు అక్కడే ఊడదీసుకోకుండా, మిగతా సామాన్లూ పనికొస్తాయని బండి మొత్తాన్ని ఎండిన చెరువు మీదుగా ట్రాక్టరుతో లాగించాలనుకున్నాం. మా ముందు చెరువు అడుగు ఎండి, బీటలు వేసి, బోర్లించిన పెంకుల్లా గట్టిగా ఉంది. చెరువు ఆయన అన్నాడు, "మా చిన్నప్పుడు ఎండాకాలం ఇదే దారిన ఎడ్లబళ్లు తోలేవోళ్లమండి." మా బావగారు అన్నారు, "మా మేనత్తగారి పెళ్లికి మేమూ ఇలాగే బండి మీద దాటాం." నేనూ దాటానన్నాను. నేను దాటలేదు, మా నాన్న దాటాడు, కానీ నేనే దాటినంత గట్టిగా చెప్పాను. లాగడానికి పిలిపించిన ట్రాక్టరాయన ఒక్కడే కాలితో మట్టి తన్ని చూసి, "ఇది పాత కొల్లేరు కాదేమోనండి," అని నసిగాడు. "నువ్వు పుట్టకముందు సంగతయ్యా," అని ముగ్గురం ఒక్క గొంతుతో అన్నాం.

కొల్లేరు అడుగు గట్టిదే. మేం చెప్పింది నిజమే. కానీ అది కొల్లేరు కాదు. దాన్ని తవ్వి చెరువు చేసి, ఏళ్ల తరబడి తవుడూ కోళ్ల పెంటా పోశారు. పైన పెంకు కింద అదంతా పాయసంలా ఉంది. అందులో సగం తవుడు మా బావగారి మిల్లుదే.

ట్రాక్టరు అవతల గట్టు మీద నిలబెట్టి ఇనప మోకు కట్టారు. స్టీరింగు నేనే పట్టుకుంటానని మొండికేశాను. పట్టుకున్నాను. అద్దంలోంచి నేల నా వైపు రావడం మొదలైంది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గానీ, ఆ కాసేపూ చాలా సంతోషంగా ఉన్నాను.

సగం దూరంలో పెంకు పగిలింది. ముందు ఎడమ చక్రం, వెంటనే కుడిది. ఆ వాసన! మోకు బిగుసుకుంది, ట్రాక్టరు గర్జించింది, టప్పున శబ్దం. బంపరు ఒక్కటీ గట్టు మీదకి ఎగిరిపోయింది. కారు తలుపుల దాకా దిగబడి, దిగుతూనే ఉంది.

"మేష్టారూ, దిగండీ! దిగి పడుకున్నట్టు పాకండీ!"

నేను దిగలేదు. హెరాల్డ్‌కి ఓ సుగుణముంది. గేర్‌బాక్సు కింద నుంచి తీయక్కర్లేదు, లోపల సీట్ల మధ్య ఉన్న మూత ఊడదీస్తే చేతికందుతుంది. పానాలు ఇవ్వమని అరిచాను. చెరువు ఆయన తాటిదోనె ఒకటి బురద మీద జార్చుకుంటూ తోసుకొచ్చాడు. అందులో పానాల సంచీ, దాని వెనకాల పంచె ఎగ్గట్టిన మా బావగారు. తిట్టుకుంటూనే లోపలికి దూరారు. కాళ్ల దగ్గర నేల తుప్పులోంచి బురద ఊరుతోంది. ఒక్కొక్క బోల్టూ వేళ్లతో వెతికి పట్టుకుంటున్నాను. అక్కడ చూడ్డానికి ఎవరికీ ఏమీ లేదు కాబట్టి నేను అందరితో సమానం.

చివరి బోల్టు అడుగున ఉంది, బురదలో. పట్టు దొరకడం లేదు.

"వదిలెయ్యండి మేష్టారూ. బెజవాడాయన పోతే పోయాడు, ఇంకోడొస్తాడు."

"వదల్లేనండీ."

"ప్రాణం మీదకి తెచ్చుకుంటారా ఈ డబ్బా కోసం?"

"వదల్లేనండీ బావగారూ, మీ కాళ్లు పట్టుకుంటాను, ఇంకొక్కసారి పానా తిప్పండి." ఆయన కాళ్లు బురదలో ఎక్కడున్నాయో తెలియక మోకాలు పట్టుకున్నాను. నేను ఏడ్చానని ఆయన అంటారు. చెమట కళ్లలో పడిందని నేనంటాను. ఏడ్చాను.

ఆయన పానా అందుకున్నారు. మోచెయ్యి దాకా బురదలో పెట్టి తిప్పారు. ఊడింది. గేర్‌బాక్సుని పసిపిల్లని ఎత్తినట్టు ఇద్దరం ఎత్తి దోనెలో పడుకోబెట్టాం. మేం గట్టెక్కేసరికి హెరాల్డ్ అద్దాల దాకా వెళ్లింది. చెరువు ఆయన దానికేసి చూస్తూ, "నాకు ఇంకేం మిగల్లేదండి అక్కడ," అన్నాడు. ఆయన ఏం పోగొట్టుకున్నాడో నేనప్పటిదాకా అడగనేలేదు. అప్పుడూ అడగలేదు.

నా కారుని తవుడు దించొచ్చే లారీలో గూడెం మిల్లుకి తెప్పించారు మా బావగారు. మెకానిక్కు రావడం, ఏదో సైజు కుదరకపోవడం, వానలు. పని పూర్తయ్యేసరికి దసరాలు దాటాయి. ఈలోగా నా గోడ ఇంకా తరిగింది. చుక్కలు వేసుకుంటూ, క్యాలెండరులో అంకెలు దూరం నుంచి చూసుకుని పరీక్ష పెట్టుకుంటూ కూర్చున్నాను. అంకెలు కనపడేవి. నెల పేరు కనపడేది కాదు.

తర్వాత జరిగింది మా చర్చిలో అందరికీ చెప్పాను. గూడెం నుంచి ఆకివీడు దాకా ఆపకుండా తోలానని, చేపల లారీలని దాటుకుంటూ వెళ్లానని, టీ కొట్ల దగ్గర జనం లేచి నిలబడ్డారని.

నిజానికి మిల్లు ప్రహరీ దాటలేదు. ఉప్పుడు ధాన్యం ఆరబోసే సిమెంటు కళ్లం ఉంది కదా, అందులో సగం ఖాళీగా ఉంటే అక్కడ తోలాను. పక్క సీట్లో మా బావగారు. మొదటి గేరు పడింది, రెండోది పడింది. కళ్లం తెల్లగా నా వైపు వస్తోంది. ఒక చుట్టు తిప్పాను. ఇంజను చప్పుడు విని మా బావగారు, "పర్లేదండీ, డబ్బాయే గానీ గొంతు బావుంది," అన్నారు. ఆయన నోట ఆ మాట వినడానికి నాకు ముప్ఫై ఏళ్లు పట్టింది. రెండో చుట్టుకి మలుపు తిప్పాను.

"ఆవిడ! మేష్టారూ, ఆవిడ!"

ఆయన హ్యాండుబ్రేకు లాగేశారు. ఇంజను కొట్టుకుని ఆగిపోయింది. కాళ్లతో ధాన్యం తిరగేస్తున్నావిడ కారుకి జానెడు దూరంలో, నా కిటికీ పక్కనే నిలబడి ఉందట. గొంతు వినపడ్డాక తల తిప్పితే కనపడింది.

"ఏంటండీ బాబూ, చెయ్యి ఊపుతానే ఉన్నాను కదండీ! మీదమీదకి వచ్చేత్తన్నారు!"

"బ్రేకు అందలేదమ్మా," అన్నాను.

ఆవిడ గొణుక్కుంటూ వెళ్లిపోయింది. బ్రేకులు ఆ పొద్దున్నే మా బావగారే దగ్గరుండి చూయించారు.

"ఇదేంటండీ మేష్టారూ?"

"ఏదండీ?"

"ఇది."

తల తిప్పాను. నా చెంప పక్కన ఆయన అరచెయ్యి ఉంది. ఎంతసేపటి నుంచి పెట్టుకుని ఉన్నారో.

"బెజవాడాయన ఎవరూ లేరు కదండీ," అన్నారు.

"లేరండీ."

"చెల్లెమ్మగారికి తెలుసా?"

"తెలీదండీ."

ఆయన చెయ్యి చాపి తాళం తిప్పి తీసేసుకున్నారు. "ఎంత కనపడుతుంది?"

"ఎదురుగా ఉన్నదంతా బానే కనపడుతుందండీ."

"ఎంతండీ?"

రెండు చేతుల వేళ్లూ కలిపి, పళ్లెమంత గుండ్రం చేసి ఆయన మొహానికెదురుగా పట్టుకున్నాను. అందులోంచి చూశాను. తర్వాత ఒక చెయ్యి దింపేసి, రెండో చేతి బొటనవేలూ చూపుడువేలూ కలిపి సున్నా చుట్టి చూపించాను. అదీ ఎక్కువే అనిపించి, ఇంకాస్త బిగించాను.